ఒక్కరూ తూకం తప్పలేదు

సోమవారం నాకు వీడ్కోలు సభ. ఇత్తడి ఫలకం వారం ముందే తయారైంది. ప్రిన్సిపాల్ గది బీరువాలో పెట్టే ముందు గుమాస్తా దాన్ని నా దగ్గరికి తెచ్చి, తప్పులుంటే చెప్పమన్నాడు. "ఇరవై ఆరేళ్లలో ఈయన శిష్యుల్లో ఒక్కరూ తూకం తప్పలేదు" అని ఉంది. తప్పులేమీ లేవన్నాను.

కుస్తీ తెలియనివాళ్లకి ఇందులో గొప్పేమిటో అర్థం కాదు. మా ఆవిడకి ఇన్నేళ్లయినా కాలేదు. "అంటే కప్పులు రాలేదు గానీ అందరూ ఉండాల్సినంత బరువే ఉన్నారు, అంతేగా" అంటుంది. అంతే. కుస్తీలో బరువును బట్టి తరగతులుంటాయి. యాభై మూడు కిలోల తరగతిలో ఆడే పిల్ల పోటీ రోజు ఉదయం అధికారుల కాటా ఎక్కినప్పుడు యాభై మూడు దాటకూడదు. యాభై గ్రాములు దాటినా సంచి సర్దుకుని ఇంటికి పోవాల్సిందే. అందుకని పోటీకి ముందు రెండు మూడు రోజులు తిండీ నీళ్లూ తగ్గించి, ఒంటికి రబ్బరు సూటు తగిలించుకుని పరుగెత్తి చెమట కారుస్తారు. రబ్బరు సూటు వాడకూడదని కుస్తీ సంఘం వాళ్ల నియమం. ఆ నియమం కాగితం మా హాలు తలుపు వెనకే అంటించి ఉంటుంది. దాని పక్కనే మేకులు కొట్టి సూట్లు తగిలిస్తాం.

కాలేజీ కుస్తీ కోచ్ ఉద్యోగమంటే ఏం చేస్తారని బంధువులు అడుగుతుంటారు. పొద్దున్నే మందు నీళ్లతో మ్యాటు తుడిపిస్తాను. చితికిన చెవులకి పట్టీలు వేస్తాను. తామర వచ్చిన వాణ్ణి నాలుగు రోజులు మ్యాటెక్కనివ్వను, వాడు నన్ను నాలుగు రోజులు తిట్టుకుంటాడు. బస్సులో ముందు సీట్లో కూర్చుని వెళ్తాను, ఓడిపోయి అదే సీట్లో తిరిగొస్తాను. ఇరవై ఆరేళ్లు ఇదే. మిగతా కాలేజీలవాళ్లు కప్పులు పట్టుకుపోతుంటే నాకు చెప్పుకోవడానికి ఈ తూకం మాటొక్కటే మిగిలింది. దాన్ని కంటికి రెప్పలా కాపాడుకున్నాను.

ఎలా కాపాడుకున్నానో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను.

నేను ఆడే రోజుల్లో నన్ను ఎనభై గ్రాములు ఎక్కువున్నానని ఇంటికి పంపారు. కాటా దగ్గరున్న అధికారి జాలీ పడలేదు, కోపమూ పడలేదు. తర్వాతి వాణ్ణి పిలిచాడు. నేను కోచ్‌నయిన మొదటి వారంలోనే మా హాల్లోని కాటా వెనక మూత విప్పాను. లోపల ఒక చిన్న మర, అదే స్క్రూ, ఉంటుంది. దాన్ని కొంచెం తిప్పితే, కాటా ఖాళీగా ఉన్నప్పుడు సున్నాయే చూపిస్తుంది. మనిషి ఎక్కితే మాత్రం మూడు వందల గ్రాములు ఎక్కువ చూపిస్తుంది. మా కాటా మీద సరిపోయిన పిల్లలు అధికారుల కాటా మీద మూడు వందలు తక్కువే ఉంటారు. ఇంకేం భయం? ఇన్నేళ్లలో కాటాలు మూడు మారాయి. కొత్తది వచ్చిన ప్రతిసారీ మొదటి రోజే మూత విప్పాను. పిల్లలకి చెబితే ఆ మూడు వందలకీ సరిపడా తినేస్తారు, అప్పుడు ఇంకో మూడు వందలు తిప్పాలి. అందుకే చెప్పలేదు.

పోటీ రోజు బరువు తగ్గి కనిపిస్తే కొందరు అడిగేవాళ్లు. "నిద్రలో మనిషి తగ్గుతాడ్రా" అనేవాణ్ణి. నిజంగానే తగ్గుతాడు. కాబట్టి నాకు అబద్ధమాడాల్సిన అవసరం కూడా పడలేదు.

మా జట్టులో యాభై మూడు కిలోల పిల్లని అందరూ పిచ్చుక అంటారు. డిగ్రీ రెండో సంవత్సరం. చూస్తే గాలికి ఎగిరిపోయేలా ఉంటుంది గానీ ఎదుటివాళ్ల కాలు చేతికి చిక్కిందంటే ఇక వాళ్ల పని అయిపోయినట్టే. ఈసారి పెద్ద పోటీకి వెళ్లేవాళ్లలో గెలిచే సత్తా ఉన్నది ఆ పిల్లకే. అలాంటి వాళ్లు నా దగ్గరికి మొత్తం ముగ్గురో నలుగురో వచ్చారు.

శనివారం పొద్దున్న అధికారుల తూకం. అంతకు ముందు గురువారం నాలుగింటికి పిచ్చుక మా కాటా ఎక్కింది. యాభై మూడు కిలోల నాలుగు వందలు. నేను మనసులో నా మూడు వందలు తీసేసుకున్నాను. అసలు ఎక్కువ ఉన్నది వంద గ్రాములే. పైకి మాత్రం "ఇంకా నాలుగు వందలు" అన్నాను.

"సరే సార్" అని సూటు తొడుక్కుంది.

ఇంకా రోజున్నర గడువుంది. అయినా ఆ పిల్ల ఈ పని రేపటికి పెట్టుకునే రకం కాదు. హాలు చుట్టూ పరుగు మొదలుపెట్టింది. నేను గోడవార కుర్చీలో కూర్చుని ఎవరితో ఎవరు తలపడాలో ఆ పట్టిక చూసుకుంటున్నాను. నలభై నిమిషాలయ్యాక తలెత్తితే మూల దగ్గర గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. అలిసిపోయి కూర్చుందనుకుని మళ్లీ పట్టికలోకి తల దించాను. ఆ తర్వాత ఎవరో కేక వేశారు.

సూటు కత్తెరతో కోశాం. అంబులెన్సు వచ్చింది. నేను ముందు సీట్లో కూర్చున్నాను. ఏం చేశానో వరసగా చెప్పగలను. ఏమనిపించింది అంటే చెప్పలేను, ఏమీ అనిపించలేదు. చిగురుకి మత్తు సూది ఇచ్చి పన్ను పీకుతున్నప్పుడు కదలిక తెలుస్తుంది, నొప్పి తెలియదు. అలాగే ఉన్నాను. ఇంటికెళ్లి అన్నం తిన్నాను, నిద్ర కూడా పట్టింది.

శుక్రవారం పొద్దున్న ఆస్పత్రికి వెళ్లాను. డాక్టరమ్మ నిలబడే మాట్లాడింది. ఒంట్లో నీరంతా పోయి కిడ్నీలు దెబ్బతిన్నాయంది. బహుశా కోలుకుంటాయట. ఈ ఏడాది మాత్రం కుస్తీ మాట ఎత్తొద్దంది. వచ్చే ఏడాది సంగతి వచ్చే ఏడాది చూడాలంది.

"పరుగుకి ముందు బరువెంత ఉందండీ?" అని అడిగింది.

"యాభై మూడు కిలోల నాలుగు వందలు."

ఆవిడ చేతిలోని కాగితం చూసుకుంది. "ఇక్కడికి తీసుకురాగానే బరువు తూచే మా మంచం చూపించింది యాభై రెండు మూడు వందలు. నలభై నిమిషాల్లో కిలోకి పైగా ఎలా పోయింది?"

"మీ మంచం తప్పు చూపిస్తోందేమో."

"మందులన్నీ ఆ తూకాన్ని బట్టే ఇస్తామండీ" అంది.

మెట్లు దిగుతూ లెక్క కట్టాను. నా మూడు వందలు తీసేయాలి. పరుగులో పోయింది ఓ నాలుగు వందలనుకుందాం. ఎలా చూసినా ఇంకో నాలుగు వందలు తేలడం లేదు. మూడుసార్లు కట్టాను. మూడుసార్లూ అదే వచ్చింది.

మా హాలు పక్క గది బరువులెత్తేవాళ్లది. వాళ్ల దగ్గర పోటీలకి వాడే ఇనప బిళ్లలుంటాయి, గ్రాముల్లో కూడా తేడా రాదు. మధ్యాహ్నం అందరూ క్లాసుల్లో ఉండగా రెండు రెండుగా మోసుకొచ్చి మా కాటా మీద పేర్చడం మొదలుపెట్టాను. అప్పుడే ఉడుము వచ్చాడు.

ఉడుము నా అసిస్టెంటు. పన్నెండేళ్ల కిందట నా దగ్గరే ఆడాడు. వాడి పట్టు చూసి ఆ పేరు పెట్టింది నేనే. ఇప్పుడు వాడి పిల్లల స్కూల్లో కూడా అదే పేరట, వాళ్లావిడకి నా మీద కోపం. సోమవారం తర్వాత ఈ హాలు వాడిదే.

"అవెందుకు సార్, మోకాలు జాగ్రత్త" అని చివరి రెండు బిళ్లలూ వాడే తెచ్చి పెట్టాడు. మొత్తం యాభై కిలోలు.

కాటా యాభై కిలోల ఏడు వందలు చూపించింది.

ఇద్దరం ఆ అంకెల వైపే చూస్తూ నిలబడ్డాం. "నాలుగు వందలే కదా ఉండాలి" అన్నాడు వాడు. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

"మూడు వందలే కదా ఉండాలి" అన్నాను నేను.

వాడు నా వైపు తిరిగాడు. వాడికి అర్థమవడానికి కొంచెం సేపు పట్టింది. నాకు అంత సేపు పట్టలేదు.

"ఎప్పుడు తిప్పావురా?"

"నాలుగేళ్లయింది సార్. మీకు మోకాలి ఆపరేషన్ అయినప్పుడు జట్టుని నేనొక్కణ్ణే తీసుకెళ్లాను కదా. ఇరవై రెండేళ్లు మీరు నిలబెట్టిన మాట నా చేతిలో పోతే తలెక్కడ పెట్టుకోను? నాలుగు వందలు ఎక్కువ పెట్టేస్తే దిగులుండదనుకున్నా. తర్వాత వెనక్కి తిప్పడానికి ధైర్యం చాల్లేదు."

"నాకు చెప్పాలి కదరా."

"మీరు ఒప్పుకోరనుకున్నా సార్. మీరు పద్ధతి గల మనిషని."

నవ్వాల్సిన చోటే అది. ఇంకెవరికైనా జరిగి ఉంటే కడుపు పట్టుకుని నవ్వేవాణ్ణి. ఒకరికి తెలియకుండా ఒకరం ఆ పిల్లల మంచికే అనుకుంటూ ఏడు వందల గ్రాములు తిప్పాం. గురువారం నాలుగింటికి పిచ్చుక అసలు బరువు యాభై రెండు ఏడు వందలు. చొక్కా మార్చుకుని ఇంటికెళ్లిపోవాల్సిన పిల్ల.

ఉడుము బిళ్లలు దించుతున్నాడు. పెద్దదాని మీద చిన్నది జాగ్రత్తగా పేరుస్తున్నాడు. సగం దించాక నా వైపు చూడకుండానే అడిగాడు.

"సార్, నా చివరి సంవత్సరం."

"ఊఁ."

"ముందు రోజు సాయంత్రం రెండు వందలు ఎక్కువున్నానని నన్ను బస్సెక్కనివ్వలేదు మీరు. నా బదులు ఇంకొకణ్ణి తీసుకెళ్లారు."

"ఊఁ."

"అప్పటికే ఈ మూడు వందలు ఉన్నాయా?"

"ఉన్నాయి."

వాడు ఇంకో బిళ్ల దించాడు. ఆ రోజు వాడు నిజానికి వంద గ్రాములు తక్కువే ఉన్నాడు. ఆ సంగతి అప్పుడు వాడికి తెలియదు, నాకు తెలుసు. కానీ వంద గ్రాముల మీద నాకు నమ్మకం కుదరలేదు, పొద్దుటికి ఏదైనా తిని వస్తాడేమోనని భయపడ్డాను. ఫలకం మీద రాసిన ఆ ఒక్క మాటలో వీడు కూడా ఉన్నాడు. బస్సే ఎక్కనివాడు తూకం తప్పడు కదా.

కోప్పడతాడేమో, కోప్పడితే బాగుండుననుకున్నాను. వాడు స్క్రూడ్రైవరు తెచ్చి కాటా వెనక మూత విప్పి, "వెనక్కి తిప్పేద్దామా సార్?" అన్నాడు.

"రేపు తూకం అయిపోనీ" అన్నాను. "ఇప్పుడు తిప్పితే సాయంత్రానికల్లా అందరూ ఏడు వందలు తగ్గి కనిపిస్తారు. ఎందుకని అడుగుతారు. ఏం చెబుతాం? ఒక్క రోజే కదా. ఆదివారం మనిద్దరం నెమ్మదిగా చూసుకుందాం."

"సరే సార్" అని మూత బిగించేశాడు. పన్నెండేళ్ల కిందట బస్సు దగ్గర కూడా ఇలాగే సరే సార్ అన్నాడు. అప్పుడు కూడా నాకేమీ అనిపించలేదు.

నాలుగున్నరకి పిచ్చుక తల్లి ఫోన్ చేసింది. ఆవిడ టైలరు, ఒక్కతే కుట్టుకుని ఈ పిల్లని చదివిస్తోంది. "మా పిల్ల మీతో మాట్లాడాలని ఒకటే గొడవ సార్. పొద్దున్న మీరొచ్చినప్పుడు నిద్రలో ఉంది. ఒక్కసారి వస్తారా" అంది. హాలు ఉడుముకి అప్పజెప్పి వెళ్లాను.

ఇద్దరు పట్టే గది. రెండో మంచం ఖాళీగా ఉంది, దాని మీద పరుపు చుట్టి పెట్టారు. పిచ్చుక ముఖం ఉబ్బి ఉంది. చేతికి సెలైను, మంచం పక్కన కొక్కేనికి మూత్రం సంచి. గంటగంటకీ ఎంత వచ్చిందో రాసే కాగితం గోడకి క్లిప్పుతో వేలాడుతోంది. ఆ కాగితం మీద అంకెలు చాలా చిన్నవి. తల్లి లేచి నాకు కుర్చీ ఇచ్చి తను చుట్టిన పరుపు మీద కూర్చుంది.

పిచ్చుక దిండు కింద నుంచి మడత పెట్టిన కాగితం తీసింది. "సోమవారం నేను రాలేను కదా సార్. ఇది సభలో ఎవరిచేతైనా చదివించండి."

విప్పి చూశాను. జట్టు అందరికీ క్షమాపణ. బుధవారం మధ్యాహ్నం సగం అరటిపండు తిన్నానని, ఎవరికీ చెప్పలేదని, అందుకే బరువు దిగలేదని, సార్ ఇరవై ఆరేళ్ల పేరు తన వల్ల పాడయిందని రాసింది. చేతిరాత వంకరగా పోయింది, సెలైను ఉన్న చేత్తో రాసినట్టుంది.

"రేపు నేను కాటా ఎక్కకపోతే తప్పినట్టు లెక్కా సార్?" అని అడిగింది.

"కాదమ్మా."

"హమ్మయ్య" అంది. నిజంగానే ఊపిరి పీల్చుకుంది.

తల్లి అందుకుంది. "చూశారా సార్. ఇప్పుడు ఏడిస్తే ఏం లాభం? సార్ చెప్పిన మాట వినుంటే నీకీ గతి పట్టేదా అని పొద్దున్నుంచీ చెప్తూనే ఉన్నా. మీరేం అనుకోకండి. నేను కూడా మిషను దగ్గర కూర్చుని దీన్ని కనిపెట్టుకోలేకపోయాను."

ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని లేచి వచ్చేయొచ్చు. సోమవారం దాన్ని ఎవరో ఒకరు చదువుతారు, అందరూ నన్ను చూసి జాలిపడతారు, ఫలకం ఇస్తారు. లేవడానికి కుర్చీ చేతుల మీద చేతులు కూడా ఆనించాను. అప్పుడు సిగ్గేసింది. నిన్నటి నుంచీ ఏమీ అనిపించని మనిషికి మొదట అనిపించింది అదే. చెవులు కాలిపోయాయి.

"అరటిపండు వల్ల కాదమ్మా" అన్నాను. మళ్లీ కూర్చుని మొత్తం చెప్పాను. మర గురించి, నా మూడు వందల గురించి, ఉడుము నాలుగు వందల గురించి. చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. "నాలుగింటికి కాటా ఎక్కినప్పుడు నీ బరువు యాభై రెండు ఏడు వందలు."

పిచ్చుక పైకప్పు వైపు చూస్తూ వేళ్ల మీద ఏదో లెక్క పెట్టుకుంది. "అయితే అప్పటికే దిగిపోయాను."

"దిగిపోయావు."

"పరుగు అక్కర్లేదు."

"అక్కర్లేదు."

తల్లి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటుందని ఎదురుచూశాను. "పొద్దున్నుంచీ దీన్నే తిట్టాను" అని మాత్రం అంది. లేచి వెళ్లి కూతురి జుట్టు మీద చెయ్యి వేసి, కిటికీ వైపు తిరిగి నిలబడింది.

పిచ్చుక గోడ గడియారం చూసింది. "సార్, ఐదున్నరయింది."

"ఊఁ."

"తూకానికి ముందు రోజు ఐదింటి నుంచి పరుగు కదా. వాళ్లు ఇప్పుడు పరుగెత్తుతుంటారు." ఇంతసేపూ లేని కంగారు ఆ పిల్ల గొంతులో వచ్చింది. "మర వెనక్కి తిప్పేశారు కదా సార్?"

తల అడ్డంగా ఊపాను. ఆ పిల్ల కొద్దిసేపు నా ముఖంలోకి చూసింది. నేను ఆ చూపు తప్పించుకుని జేబులోంచి ఫోన్ తీశాను. ఉడుము పేరు మీద వేలు మూడోసారికి గానీ పడలేదు. భయం, శుద్ధ భయం.

"ఎంతమంది పరుగెత్తుతున్నార్రా?"

"ఆరుగురు సార్. ఇంకో ఇరవై నిమిషాలు—"

"ఆపు. అందర్నీ ఆపేయ్. సూట్లు విప్పించి నీళ్లు తాగించు. కాటా తప్పు చూపిస్తోందని చెప్పు. నేను తిప్పానని చెప్పు."

"నాది కూడా చెప్పనా సార్?"

"ముందు నీళ్లు పొయ్యరా."

వాడు ఫోన్ పెట్టేయకుండానే వెళ్లాడు. విజిల్ వినిపించింది. వాడి గొంతు వినిపించింది, మాటలు తెలియడం లేదు. ఎవరో ఏదో అడుగుతున్నారు. చాలాసేపయినట్టు అనిపించింది. వాడు మళ్లీ ఫోన్లోకి వచ్చాడు.

"ఆగారు సార్. కానీ ఎవరూ గ్లాసు ముట్టుకోవట్లేదు. కాటా ఎక్కి చూసుకుంటున్నారు, ఇంకా ఎక్కువే ఉన్నామంటున్నారు. మీరేదో పరీక్ష పెడుతున్నారనుకుంటున్నారు."

"నేను చెప్పానని చెప్పు."

"అదే చెప్పా సార్. అందుకే తాగట్లేదు."

పిచ్చుక సెలైను లేని చెయ్యి చాపింది. "నాకివ్వండి సార్."

ఇచ్చాను. నలభై ఆరు కిలోల పిల్లని పిలవమంది. ఆ పిల్ల వచ్చేదాకా ఆగి, "నేను చెప్తున్నాను కదే, తాగు. కొంచెం కొంచెంగా తాగు" అంది. కాటా తిప్పింది నిజంగా సారేనా అని అవతల నుంచి అడిగినట్టున్నారు. పిచ్చుక నా వైపు చూడకుండా, "అవును, సారే" అంది.